రార్ ముక్కలు మూడోదాని దగ్గరే ఆగిపోతుంటే: ఫోన్‌లో, కంప్యూటర్‌లో మూట విప్పే పద్ధతి

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: అమీర్‌పేటలో కోర్సులో చేరారు. క్లాసు వీడియోలు, ప్రాజెక్టు ఫైళ్లు కలిపి ఆరు రార్ ముక్కలు (రార్ అంటే జిప్‌లాగే ఫైళ్లను కుదించి కట్టే మూట) చేసి గూగుల్ డ్రైవ్ లింకు ఇచ్చారు. ఫోన్‌లో విప్పితే మూడో ముక్క దగ్గర ‘అన్‌ఎక్స్‌పెక్టెడ్ ఎండ్ ఆఫ్ ఆర్కైవ్’ అని ఆగిపోతోంది. ఇంట్లో ఉన్న విండోస్ 10 లాప్‌టాప్ ఆ ఫైళ్లను అసలు గుర్తే పట్టట్లేదు. నాలుగు యాప్‌లు మార్చి చూశారు, ఐదోది ఏది వేసుకోమంటారని ప్రశ్న.

ఐదోది వద్దు. నాలుగు యాప్‌లూ ఒకే చోట ఆగాయంటే లోపం యాప్‌లో లేదు, ఫైల్లో ఉంది. లాప్‌టాప్ సంగతి వేరు, దానికి నిజంగానే ఒక ప్రోగ్రాం కావాలి. దాని దగ్గరికి తర్వాత వద్దాం.

ముందు ఆరు ముక్కల సైజులు పక్కపక్కన పెట్టి చూడండి. ముక్కలు చేసేవాళ్లు మామూలుగా ఒక కొలత పెట్టి కోస్తారు, ఒక్కోటి ఒక జీబీ అనుకుందాం. అప్పుడు మొదటి ఐదూ సరిసమానంగా ఉండాలి, మిగిలిన తోక మాత్రం ఆరోదానిలో చిన్నదిగా ఉంటుంది. సమానం అంటే చివరి బైటు దాకా సమానం. ఫోన్ ‘1 జీబీ’ అని గుండుగుత్తగా చూపిస్తుంది కాబట్టి నమ్మొద్దు. ఫైల్ ఇన్ఫోలోకి గానీ, కంప్యూటర్‌లో రైట్ క్లిక్ కొట్టి ప్రాపర్టీస్‌లోకి గానీ వెళ్తే పూర్తి బైట్ల లెక్క కనిపిస్తుంది. నాలుగు ముక్కలు 1,07,37,41,824 బైట్లు ఉండి మూడోది ఒక్కటే 98 కోట్ల దగ్గర ఆగిందంటే జవాబు దొరికినట్టే. డౌన్‌లోడ్ సగంలో తెగింది. ఆ మూడోదాన్ని ఒక్కదాన్నే చెరిపేసి మళ్లీ దించుకోండి, ఆరింటినీ మొదటి నుంచి దించాల్సిన పని లేదు. మెట్రోలో వస్తూ పెద్ద ఫైలు డౌన్‌లోడ్ పెడితే ఇలాంటివి మామూలే, స్థిరమైన వైఫై దగ్గర కూర్చున్నప్పుడు పెట్టండి.

సైజులన్నీ సరిగ్గానే ఉంటే పేర్లు చూడండి. ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. ఒకే ఫైలుని రెండోసారి దించితే బ్రౌజర్ దాని పేరు చివర బ్రాకెట్లో ఒకటి తగిలిస్తుంది. ‘జావా.పార్ట్3.రార్’ కాస్తా ‘జావా.పార్ట్3 (1).రార్’ అవుతుంది. మొదటి ముక్క విప్పుతున్న ప్రోగ్రాం తర్వాతి ముక్కను పేరు పట్టుకునే వెతుక్కుంటుంది. ఆ బ్రాకెట్టు ఉన్న ఫైలు దానికి కనపడదు, లేదా పాత సగం ఫైలే కనపడుతుంది. మీరు మంచి ముక్కను దించుకున్నా అదే ఎర్రర్ మళ్లీ రావడానికి కారణం ఇదే కావచ్చు. పాతది తీసేసి, కొత్తదాని పేరులో ఖాళీతో సహా ఆ ‘(1)’ చెరిపేయండి. ఆరూ ఒకే ఫోల్డర్‌లో ఉండాలి. మొదటి ముక్కను మాత్రమే విప్పాలి, మిగతావాటిని అదే లాక్కుంటుంది. ఒక్కో ముక్కనీ విడిగా విప్పాలని చూస్తే రాదు, ఎందుకంటే ఒక వీడియో రెండో ముక్క చివర మొదలై మూడోదాని మొదట్లో ముగుస్తూ ఉంటుంది.

ఇక సైజు మరీ చిన్నగా, కొన్ని కేబీలే ఉందనుకోండి. అది రార్ కాదు, రార్ పేరు తగిలించుకున్న వెబ్ పేజీ. నోట్‌ప్యాడ్‌లో తెరిచి చూడండి. అసలైన జిప్ ఫైలు మొదటి రెండు అక్షరాలు పీ, కే అని ఉంటాయి. 1989లో జిప్ పద్ధతిని తెచ్చిన ఫిల్ కాట్జ్ పేరులోని పొడి అక్షరాలవి, ఇప్పటికీ ప్రతి జిప్ ఫైలు నెత్తినా ఉంటాయి. రార్ అయితే ‘రార్’ అని, పక్కన ఆశ్చర్యార్థకం ఉంటుంది. సెవెన్ జెడ్ (సెవెన్ జిప్ అనే ప్రోగ్రాం కట్టే మూట) అయితే 7, జెడ్. ఇవేవీ లేకుండా మొదట్లోనే ‘హెచ్‌టీఎంఎల్’ అని కనపడితే డ్రైవ్ మీకు ఫైలుకి బదులు హెచ్చరిక పేజీ పంపిందన్నమాట. 100 ఎంబీ దాటిన ఫైలుకి డ్రైవ్ వైరస్ తనిఖీ చేయలేనని ఒక పేజీ చూపించి, ‘డౌన్‌లోడ్ ఎనీవే’ నొక్కమంటుంది. డౌన్‌లోడ్ మేనేజర్ యాప్‌లు ఆ పేజీనే ఫైలనుకుని దించేస్తాయి. ఇంకో కారణం: బ్యాచ్ మొత్తం ఒకే సాయంత్రం ఒకే లింకు మీద పడితే ‘టూ మెనీ యూజర్స్’ అని ఆపేస్తుంది. ఒక రోజు ఆగితే మామూలుగా తెరుచుకుంటుంది. డ్రైవ్ లింకుల్ని ఎప్పుడూ క్రోమ్‌లో గానీ, డ్రైవ్ యాప్‌లో గానీ నేరుగా దించండి.

డ్రైవ్‌తోనే ఇంకో తికమక ఉంది. కంప్యూటర్‌లో ఫోల్డర్ మొత్తాన్ని ఒకేసారి డౌన్‌లోడ్ కొడితే గూగుల్ దాన్ని సుమారు 2 జీబీ చొప్పున జిప్‌లు కట్టి పంపుతుంది. పేరు చివర 001, 002 అని ఉంటుంది. చూడ్డానికి అచ్చం ముక్కల్లాగే ఉంటాయి, కానీ ముక్కలు కావు. దేనికది పూర్తి జిప్. మొదటిది విప్పితే రెండోది దానంతటదే రాదు. అన్నిటినీ ఒక్కొక్కటిగా ఒకే చోటికి విప్పాలి, ఫోల్డర్లు కలిపేయమంటారా అని అడిగితే సరేననాలి. మరీ పెద్ద వీడియో ఒక్కోసారి జిప్‌లోకి ఎక్కకుండా విడిగా కూడా దిగుతుంది, అది పోయిందని కంగారు పడొద్దు, డౌన్‌లోడ్స్‌లో వెతకండి. అదే ‘.7జెడ్.001’ లాగా సంఖ్య చిట్టచివర, రకం పేరు తర్వాత ఉంటే మాత్రం నిజంగా ముక్కే, 001ని మాత్రమే తెరవాలి. ‘.జెడ్01, .జెడ్02’ అని వచ్చి చివరికొకటి ‘.జిప్’ ఉంటే ఆ జిప్‌నే తెరవాలి, పేరుకి చివరి ముక్కే అయినా జాబితా అందులోనే ఉంటుంది.

జిప్ సగంలో తెగితే అసలు ఏమీ తెరుచుకోకపోవడానికీ ఇదే కారణం. జిప్‌లో విషయసూచిక పుస్తకాల్లోలా ముందుండదు, ఫైలు తోకలో ఉంటుంది. 99 శాతం దిగి ఆగినా పోయేది ఆ సూచికే. లోపలి ఫైళ్లు చాలావరకు బాగానే ఉన్నా విండోస్ ‘ఇన్‌వ్యాలిడ్’ అనేస్తుంది. అలాంటప్పుడు మళ్లీ దించుకునే దారి లేకపోతే, రార్ మూటలు కట్టి విప్పే విన్‌రార్ ప్రోగ్రాంలో టూల్స్ మెనూలో రిపేర్ ఉంది, అది లోపలి ఫైళ్ల తలలు వెతికి కొత్త సూచిక కడుతుంది. రార్‌కి కూడా రిపేర్ ఉంది గానీ, కట్టినవాళ్లు రికవరీ రికార్డు (పాడైతే బాగుచేసుకోవడానికి కలిపే అదనపు డేటా) పెట్టి ఉంటేనే దానివల్ల గట్టి ప్రయోజనం. వీడియో సగమైనా చాలు అనుకుంటే విప్పే డబ్బాలో ‘కీప్ బ్రోకెన్ ఫైల్స్’ టిక్ పెట్టండి, లేకపోతే పాడైన ఫైలుని అదే చెరిపేస్తుంది.

‘సీఆర్‌సీ ఎర్రర్’ వేరే జాతి. ఫైలు మొత్తం దిగింది, సైజూ సరిపోయింది, కానీ లోపల ఎక్కడో ఒక బిట్ మారింది. కట్టేటప్పుడు ప్రతి ఫైలుకీ ఒక లెక్క వేసి రాసిపెడతారు, విప్పాక మళ్లీ లెక్కవేస్తే కుదరలేదని దాని అర్థం. మళ్లీ దించుకుంటే పోతే సరే. దించినప్పుడల్లా వేరే వేరే ఫైలు దగ్గర వస్తుంటే ఫైలుని తిట్టకండి, పెన్‌డ్రైవో, మెమరీ కార్డో, ర్యామో చూపించుకోవాలి. ఇంకో చోట కాపీ చేసి అక్కడ విప్పి చూస్తే ఏదో తేలిపోతుంది.

ఇప్పుడు లాప్‌టాప్. విండోస్ 10కి సొంతంగా జిప్ ఒక్కటే వచ్చు. విండోస్ 11కి 2023 చివర్లో వచ్చిన అప్‌డేట్‌తో రార్, సెవెన్ జెడ్ కూడా వచ్చాయి, అయినా పాస్‌వర్డులు, ముక్కలు ఉన్నవాటికి దాని మీద ఆధారపడను. సెవెన్ జిప్ వేసుకోండి, ఉచితం, రార్ కూడా విప్పుతుంది (రార్ కట్టదు, విప్పడమే). దాని సొంత వెబ్‌సైటు పేరులో 7కీ జిప్‌కీ మధ్య అడ్డగీత ఉంటుంది, చివర డాట్ ఆర్గ్. వెతికితే పైన వచ్చే ప్రకటనల లింకులు నొక్కొద్దు. విన్‌రార్ కూడా మంచిదే, 40 రోజుల ట్రయల్ అంటుంది. కానీ ఈ రెండూ వాటంతట అవి అప్‌డేట్ కావు, ఆ సంగతి గుర్తుంచుకోండి. విన్‌రార్‌లో 2023లో ఒకటి, 2025లో ఒకటి పెద్ద కంతలు బయటపడ్డాయి, జాగ్రత్తగా తయారుచేసిన ఫైలు తెరిస్తే చాలు కంప్యూటర్ చేజిక్కేది. 7.13కి ముందుది మీ దగ్గరుంటే ఇవాళే మార్చండి. ఎప్పుడో ఎవరో పెన్‌డ్రైవ్‌లో ఇచ్చిన సెటప్పే ఇప్పటికీ వాడే కంప్యూటర్లు ఊర్లో బోలెడు.

సెవెన్ జిప్ వేశాక మొదటి ముక్క మీద రైట్ క్లిక్, సెవెన్ జిప్, అందులో ‘ఎక్స్‌ట్రాక్ట్ టు’ అని ఫోల్డర్ పేరుతో ఉన్నది నొక్కండి. విండోస్ 11లో ముందు ‘షో మోర్ ఆప్షన్స్’ నొక్కాల్సి రావచ్చు. ‘ఎక్స్‌ట్రాక్ట్ హియర్’ నొక్కితే మూడొందల ఫైళ్లు డౌన్‌లోడ్స్ నిండా చెల్లాచెదురైపోతే ఏరుకోవడం మీ వంతు. మూట తెరిచి లోపలి ఫైళ్లను మౌస్‌తో బయటికి లాగడమూ వద్దు. సెవెన్ జిప్ వాటిని ముందు సీ డ్రైవ్‌లోని టెంప్ ఫోల్డర్‌లో విప్పి, ఆ తర్వాత మీరు వదిలిన చోటికి కాపీ చేస్తుంది. డీ డ్రైవ్‌లో 200 జీబీ ఖాళీ ఉన్నా సీ నిండిందని ఆగిపోవడం అందుకే.

విప్పకుండానే లోపలి ఫైలు మీద డబుల్ క్లిక్ కొట్టే అలవాటు ఉంటే మానుకోండి. విండోస్ సొంత జిప్ కిటికీలో ఎక్సెల్ షీటు అలా తెరిచి గంటసేపు నింపి సేవ్ కొడితే ఆ మార్పులు జిప్‌లోకి పోవు, టెంప్‌లో ఉన్న నకలుకి పోతాయి లేదా రీడ్ ఓన్లీ అంటుంది. సెటప్ ఫైలయితే అదొక్కటే బయటికొచ్చి, పక్కనుండాల్సిన సహాయక ఫైళ్లు (డీఎల్‌ఎల్‌లు) లేవని ఏడుస్తుంది.

ప్రాజెక్టు ఫైళ్లకి వచ్చే ఇంకో చిక్కు ‘పాత్ టూ లాంగ్’. డ్రైవ్ అక్షరం మొదలు చివరి ఫైలు పేరు దాకా అన్నీ కలిపి 260 అక్షరాల లోపు ఉండాలన్నది విండోస్ పాత నియమం. డెస్క్‌టాప్ మీద, ఫోల్డర్‌లో ఫోల్డర్‌లో విప్పితే జావా ప్రాజెక్టుల పొడుగు పేర్లు ఆ గీత దాటేస్తాయి. సీ డ్రైవ్‌లోనో డీ డ్రైవ్‌లోనో నేరుగా ఒక్క అక్షరం పేరుతో ఫోల్డర్ పెట్టి అందులో విప్పండి, తొంభై పాళ్లు తీరిపోతుంది. తెలుగు పేర్లయితే ఇంకా త్వరగా నిండుతుంది. ‘శ్రీ’ మన కంటికి ఒక అక్షరం, విండోస్ లెక్కలో నాలుగు: శ, పొల్లు, ర, గుడి దీర్ఘం. ఆండ్రాయిడ్‌లో ఫైలు పేరుకి 255 బైట్ల హద్దు, తెలుగులో ఒక్కో గుర్తుకీ మూడు బైట్లు, అంటే ఆ ఒక్క ‘శ్రీ’కే పన్నెండు. పెళ్లి ఆల్బమ్‌కి ఇద్దరి పేర్లూ, ఇంటిపేర్లూ, తేదీ, ఫంక్షన్ హాలు కలిపి తెలుగులో పేరు పెడితే కంప్యూటర్‌లో విప్పుకుని ఫోన్‌లో విప్పుకోకపోవడం ఇందుకే.

తెలుగు పేర్ల ప్రస్తావన వచ్చింది కాబట్టి: విప్పాక పేర్లన్నీ గ్రీకు ఆల్ఫా గుర్తూ, పక్కన చుక్కల గడీ, మళ్లీ ఆల్ఫా, మళ్లీ గడీ అని కనిపిస్తే ఫైళ్లు పాడవలేదు. యూనికోడ్‌ని రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు గుర్తు ఏదైనా మొదటి బైటు ఒకటే, రెండోది రెండింటిలో ఒకటి, వాటిని పాత డాస్ కాలపు అక్షరాల పట్టికతో చదివితే వచ్చే బొమ్మలవి. కట్టిన ప్రోగ్రాం ‘ఇవి యూటీఎఫ్-8 పేర్లు’ అని జిప్‌లో గుర్తు పెట్టలేదన్నమాట. విన్‌రార్‌లో ఆప్షన్స్‌లో నేమ్ ఎన్‌కోడింగ్ మార్చి చూడండి. లోపలి పేజీల్లో అక్షరాలు గజిబిజిగా ఉంటే అది వేరే కథ. డీటీపీ సెంటర్ నుంచి వచ్చిన పేజ్‌మేకర్ ఫైలయితే అను ఫాంట్లు మీ కంప్యూటర్‌లో లేకపోవడమే, ఎన్నిసార్లు విప్పినా మారదు. పీడీఎఫ్ పంపమని అడగండి.

ఫోన్‌కి వద్దాం. ఆండ్రాయిడ్‌లో జిప్ ఒక్కటే అయితే ఫైల్స్ బై గూగుల్ చాలు, ఫైలు నొక్కి ఎక్స్‌ట్రాక్ట్ అంటే అయిపోతుంది. మీ రార్ ముక్కలకి జెడ్‌ఆర్కైవర్ గానీ, విన్‌రార్ వాళ్లదే అయిన రార్ యాప్ గానీ సరిపోతుంది. జెడ్‌ఆర్కైవర్ మొదటిసారి అన్ని ఫైళ్లకీ అనుమతి అడుగుతుంది, అది ఇవ్వకపోతే డౌన్‌లోడ్స్ ఖాళీగా కనిపిస్తుంది. పార్ట్1 నొక్కి, ఫైలు పేరుతోనే ఫోల్డర్ చేసి విప్పే వరస ఎంచుకోండి. వాట్సాప్‌లో వచ్చిన డాక్యుమెంట్లు డౌన్‌లోడ్స్‌లో ఉండవు. ఆండ్రాయిడ్, మీడియా అనే ఫోల్డర్లలోంచి వాట్సాప్ దాకా వెళ్తే లోపల వాట్సాప్ డాక్యుమెంట్స్‌లో ఉంటాయి.

చోటు లెక్క ముందే చూసుకోండి. వీడియోలు అప్పటికే కుదించేసి ఉంటాయి, రార్ కట్టినా పెద్దగా తగ్గవు. ఆరు జీబీల ముక్కలు విప్పితే ఇంకో ఆరు జీబీలు కావాలి, కనీసం ఏడు ఖాళీ ఉంచండి. మెమరీ కార్డు మీదికో, చిన్న పెన్‌డ్రైవ్ మీదికో విప్పుతుంటే ఇంకో సంగతి: 32 జీబీ దాకా ఉన్నవి చాలావరకు ఫ్యాట్32 ఫార్మాట్‌లో వస్తాయి, అందులో ఒక్క ఫైలు 4 జీబీ దాటకూడదు. 20 జీబీ ఖాళీ చూపిస్తూనే 4 జీబీ దగ్గర చతికిలపడుతుంది. లోపలున్నవి పక్కన దాచుకుని ఎక్స్‌ఫ్యాట్‌గా ఫార్మాట్ చేస్తే పోతుంది. విప్పేటప్పుడు స్క్రీన్ ఆపి జేబులో పెట్టొద్దు, బ్యాటరీ పొదుపు చేసే ఫోన్లు యాప్‌ని మధ్యలో చంపేస్తాయి.

ఐఫోన్‌లో ఫైల్స్ యాప్‌లో జిప్‌ని ఒకసారి నొక్కితే పక్కనే ఫోల్డర్ వస్తుంది, ఐఓఎస్ 13 నుంచి ఉంది. రార్‌కి విడిగా యాప్ కావాలి. మ్యాక్ వాడే స్నేహితులు పంపిన జిప్‌లో ‘మ్యాక్ఓఎస్ఎక్స్’ అనే ఫోల్డర్ కనిపిస్తే వైరస్ కాదు, చెరిపేయొచ్చు.

పాస్‌వర్డ్ అడిగే ఫైళ్ల గురించి కొంచెం. విండోస్ సొంత జిప్ విప్పుడు పాత రకం తాళాలే తీయగలదు. ఏఈఎస్ అనే కొత్త రకం తాళమైతే సరైన పాస్‌వర్డ్ కొట్టినా ఏదో ఎర్రర్ చూపిస్తుంది, సెవెన్ జిప్‌తో అదే ఫైలు తెరుచుకుంటుంది. వాట్సాప్ నుంచి కాపీ చేస్తే చివర ఖాళీ కూడా వచ్చేస్తుంది, చేత్తో కొట్టండి. ఆధార్ ఆఫ్‌లైన్ ఈ-కేవైసీ జిప్‌కి మీరు డౌన్‌లోడ్ అప్పుడు పెట్టుకున్న నాలుగంకెల షేర్ కోడే పాస్‌వర్డ్. దాన్ని విప్పి లోపలి ఎక్స్‌ఎంఎల్‌ని సరిదిద్దితే డిజిటల్ సంతకం చెల్లదు, అడిగినవాళ్లకి జిప్ జిప్‌లాగే ఇచ్చి కోడ్ చెప్పాలి. ఆదాయపు పన్ను స్టేట్‌మెంట్ 26ఏఎస్‌ని టెక్స్ట్ రూపంలో దించితే పాస్‌వర్డ్ పుట్టినతేదీ, రోజు నెల సంవత్సరం కలిపి ఎనిమిది అంకెలు. మర్చిపోయిన గట్టి పాస్‌వర్డ్‌ని తీసిపెడతామనే వెబ్‌సైట్లకి మీ ఫైలు అప్పగించొద్దు.

అడగకుండా వచ్చిన మూట, పాస్‌వర్డ్ కూడా అదే మెసేజ్‌లో రాసి ఉంటే విప్పకండి. తాళం వేసిన మూట లోపల ఏముందో యాంటీవైరస్‌కి కనపడదు, అందుకే తాళం వేస్తారు. విప్పిన వాటిలో కూడా ముందు ఫైలు రకాలు కనపడేలా విండోస్‌లో ‘ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్’ టిక్ పెట్టుకోండి. ‘ఫొటో.జేపీజీ.ఈఎక్స్‌ఈ’ అనేది ఫొటో కాదు. ట్రాఫిక్ చలానా అనో, పెళ్లి కార్డనో వాట్సాప్‌లో వచ్చే ఏపీకే (ఆండ్రాయిడ్ యాప్‌ని వేసే ఫైలు) కూడా అంతే, అసలు ఏపీకే అంటే లోపల జిప్పే. ఒకవేళ వేసేసి డబ్బు పోయిందని తెలిస్తే ఫోన్ నెట్ ఆపి, ఇంకో ఫోన్ నుంచి సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి వెంటనే ఫోన్ చేయండి.

మీ మూడో ముక్క దిగాక నేరుగా విప్పకుండా ముందు సెవెన్ జిప్‌లో పార్ట్1 తెరిచి ‘టెస్ట్’ నొక్కండి. ఆరు ముక్కలూ చదివి లోపల ఏ ఫైలు పాడైందో చెప్తుంది, చోటు కూడా తినదు. ఎర్రర్లు సున్నా అని వస్తే అప్పుడు విప్పండి. విప్పాక రెండు మూడు వీడియోలు చివరిదాకా జరిపి చూసి, ఆ తర్వాతే రార్ ముక్కలు చెరపండి. మూడోదాన్ని మళ్లీ దించాక కూడా టెస్ట్‌లో అదే తప్పు చూపిస్తే అది మీ డౌన్‌లోడ్ తప్పు కాకపోవచ్చు, పైకి ఎక్కించినవాళ్ల దగ్గరే ఆ ముక్క పాడై ఉండొచ్చు. బ్యాచ్‌లో ఇంకొకరి ముక్క సైజు ఎంత ఉందో అడగండి, వాళ్లదీ ఇంతే అయితే ఇన్‌స్టిట్యూట్ వాళ్లని ఆ ఒక్క ముక్క మళ్లీ అప్‌లోడ్ చేయమనండి.